మీటరు సైకిల్‌కే.. లెక్క మాత్రం గుండెకు!

సైకిల్ కొన్న నెలలోపే చాలామందికి వచ్చే ఆలోచన.. దానికో కంప్యూటర్ బిగించుకోవాలని. వేగం, దూరం, గుండె వేగం, కేలరీలు అన్నీ కళ్ల ముందే కనిపిస్తుంటే ఉత్సాహం పెరిగే మాట నిజమే. అయితే ఏది కొనాలన్నది దుకాణంలో తేలే సంగతి కాదు. మీ వయసు, మీకున్న జబ్బులు, మీరు వేసుకునే మందులు చూసుకుని తేల్చుకోవాల్సిన సంగతి.

ఆయనకు 48 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగి. మూడేళ్లుగా బీపీకి నా దగ్గరే చూపించుకుంటున్నారు. ‘బరువు తగ్గాలి, రోజూ కాసేపు సైకిల్ తొక్కండి’ అని చెప్పింది నేనే. ఆయన మాట విన్నారు. గేర్ల సైకిల్ కొన్నారు. నెల తిరిగాక మందుల కోసం వచ్చినప్పుడు ‘సార్, సైకిల్‌కు మీటరు పెట్టుకుందామనుకుంటున్నా. గుండె వేగం కూడా చూపిస్తుందట. కొనమంటారా?’ అని అడిగారు. బయట వరండాలో ఇంకా యాభై అరవై మంది నిలబడి ఉన్నారు. ‘మంచిదే, కొనుక్కోండి’ అనేసి తర్వాతి వారి చీటీ అందుకున్నాను.

నాలుగు నెలల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు ఉంటోందట. దవడ దాకా లాగుతోందట. దిగి రెండు నిమిషాలు నిల్చుంటే తగ్గిపోతోందట. ‘ఎన్నాళ్ల నుంచి?’ అంటే ‘మూడు వారాలు’ అన్నారు. ‘మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండీ?’ అంటే ఆయన చెప్పిన జవాబు నేనింకా మరచిపోలేదు. ‘మీటరులో గుండె వేగం 118 దాటడం లేదు సార్. అది తేలిక వ్యాయామమేనని యాప్ చెబుతోంది. నేనే సరిగా తొక్కడం లేదేమోనని ఇంకాస్త గట్టిగా తొక్కుతున్నా.’

ఆయన వేసుకుంటున్న బీపీ మాత్రల్లో మెటోప్రొలాల్ ఒకటి. గుండె వేగాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచే మందు అది. రాసింది నేనే. ఈసీజీలో తేడా కనిపించింది. ఆ రోజే చేర్చుకున్నాం. యాంజియోగ్రామ్‌లో గుండె ముందు భాగానికి రక్తం అందించే నాళంలో పెద్ద పూడిక బయటపడింది. స్టెంటు వేశారు. ఇప్పుడు బాగున్నారు. మళ్లీ సైకిల్ తొక్కుతున్నారు కూడా.

మీటరు తప్పు చెప్పలేదు. 118 అంటే నిజంగానే 118. ఆ అంకెకు ఆయన ఒంట్లో అర్థమేమిటో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

అసలు ఇది చేసే పనేమిటి?

సైకిల్ కంప్యూటర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పాతకాలం నుంచీ ఉన్నదే. ముందు చక్రం చువ్వకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు ఒక సెన్సర్ ఉంటాయి. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో సెన్సర్ లెక్కపెడుతుంది. దాన్ని చక్రం చుట్టుకొలతతో గుణిస్తే దూరం. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. అంతే. ధర వెయ్యి రూపాయలకు అటూఇటూ ఉంటుంది. గుండ్రటి బటన్ బ్యాటరీ వేస్తే చాలా నెలలు వస్తుంది.

రెండోది జీపీఎస్ రకం. ఉపగ్రహాల సాయంతో మీరు ఎక్కడున్నారో, ఎంత దూరం కదిలారో లెక్కిస్తుంది. వెళ్లిన దారిని దాచిపెడుతుంది. ఛాతీ పట్టీ, పెడల్ సెన్సర్ వంటి వాటితో వైర్లు లేకుండా కలుస్తుంది. ఇలాంటివి నాలుగైదు వేల రూపాయల నుంచి మొదలవుతాయి. మ్యాపులు, దారి చూపించే సదుపాయం ఉన్నవి పాతిక వేలు దాటి కూడా ఉంటాయి.

చక్రం లెక్కతో పనిచేసేదైతే బిగించిన రోజే చుట్టుకొలత సరిగా పెట్టండి. 29 అంగుళాల చక్రం లెక్క పెట్టి 26 అంగుళాల సైకిల్ తొక్కితే, మీరు 18 కిలోమీటర్లు వెళ్లినా 20 అని చూపిస్తుంది. సరైన కొలతకు తేలిక మార్గం ఉంది. టైరులో గాలి సరిపడా కొట్టండి. వాల్వు నేలవైపు ఉన్నచోట సుద్దముక్కతో గీత గీయండి. మీరు సైకిల్ మీద కూర్చుంటే ఇంకొకరు నెమ్మదిగా ముందుకు నెట్టాలి. వాల్వు మళ్లీ కిందికి వచ్చినచోట రెండో గీత గీసి, మధ్య దూరాన్ని టేపుతో మిల్లీమీటర్లలో కొలవండి. ఆ అంకె మీటరులో వేస్తే సరి.

మీరు ఏ కోవలో ఉన్నారు?

దుకాణానికి వెళ్లే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ‘ఈ మీటరు నాకు ఏం చెప్పాలి?’

కూరగాయలకు, ఆఫీసుకు, ఉదయం అరగంట కాలనీ చుట్టూ తిరగడానికి సైకిల్ వాడేవారికి తెలియాల్సింది రెండే. ఎంతసేపు తొక్కాను, ఎంత దూరం వెళ్లాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. అందులో కిలోమీటర్ల మాటే లేదు, నిమిషాలే ఉన్నాయి. వీరికి వెయ్యి రూపాయల మీటరు చాలు. చేతి గడియారం ఉంటే అదీ అక్కర్లేదు.

బరువు, బీపీ, షుగర్ అదుపు కోసం క్రమం తప్పక తొక్కేవారు రెండో కోవ. వీరికి గుండె వేగం చూపించే సాధనం ఉపయోగపడుతుంది. ఛాతీ పట్టీతో కలిసే మామూలు జీపీఎస్ కంప్యూటర్ సరిపోతుంది. మ్యాపుల కోసం అదనంగా పెట్టే డబ్బుతో మంచి హెల్మెట్, వెనక ఎర్ర లైటు కొనుక్కోవడం మేలు.

మూడో కోవ సాధన చేసేవారు. అనంతగిరి కొండలకో, అరకు ఘాట్‌కో వెళ్లేవారు, 200 కిలోమీటర్ల బ్రేవేలకు సిద్ధమయ్యేవారు. ఆ 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువే పదమూడున్నర గంటలు. కాబట్టి వీరికి బ్యాటరీ కనీసం 15-20 గంటలు రావాలి, దారి చూపించాలి, ఎత్తు కొలిచే సదుపాయం ఉండాలి. కాలి బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటరు కూడా కొందరు పెట్టించుకుంటారు. అది ఖరీదైన వస్తువు. పోటీల్లో పాల్గొనే ఉద్దేశం లేకపోతే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మన ఇళ్లలో నాలుగో కోవ కూడా ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన ఖరీదైన కంప్యూటర్ నాన్న బీరువాలో భద్రంగా ఉంటుంది. దాన్ని బయటికి తీస్తే ముందు మైళ్లను కిలోమీటర్లకు మార్చండి. అక్కడ కొన్న వాటిలో మన దేశం మ్యాపు ఉండకపోవచ్చు. దాన్ని విడిగా ఎక్కించుకోవాలి. అబ్బాయినే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి చేయించుకోండి.

ఛాతీ పట్టీయా? చేతి వాచీయా?

ఛాతీ పట్టీ గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను అందుకుంటుంది. ఈసీజీ పనిచేసే తీరు లాంటిదే. వాచీ చర్మం మీద కాంతి వేసి, రక్త ప్రవాహంలో తేడాను బట్టి లెక్కిస్తుంది. కూర్చున్నప్పుడు వాచీ బాగానే చూపిస్తుంది. సైకిల్ మీద మాత్రం మణికట్టు వంగి ఉంటుంది, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం, గతుకులకు చెయ్యి అదురుతుంది. దాంతో లెక్క తప్పే అవకాశం ఎక్కువ. గుండె వేగం కోసమే కొంటుంటే పట్టీయే తీసుకోండి. పట్టీ ఇబ్బందిగా అనిపిస్తే ముంజేతికి కట్టుకునే బ్యాండు నయం.

పట్టీ కట్టుకునే ముందు లోపలివైపు కాస్త తడి చేయాలి. పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలు 200, 210 అంటూ పిచ్చి అంకెలు చూపించి భయపెడుతుంది. తొక్కి వచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. లేదంటే చెమటకు చర్మం ఒరుసుకుపోయి దురద వస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవారు గుండె డాక్టర్‌ను అడగనిదే ఇలాంటివేవీ కట్టుకోవద్దు.

గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి?

చాలా కంప్యూటర్లు, యాప్‌లు 220లోంచి మీ వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం ఇంత అనుకుంటాయి. 45 ఏళ్లవారికి 175. అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి సుమారు 112 నుంచి 133 సార్లు కొట్టుకుంటే మధ్యస్థ వ్యాయామం. 135 దాటితే తీవ్రమైనది. కానీ ఇది వేలమంది మీద తీసిన సగటు. మీ అసలు గరిష్ఠం దానికి పది పన్నెండు అటూఇటూ ఉండొచ్చు.

కొన్ని మందులు వేసుకునేవారికి ఈ సూత్రం అసలే పనికిరాదు. మెటోప్రొలాల్, అటినొలాల్, బైసోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. బీపీ, గుండె జబ్బులతో పాటు మైగ్రేన్, థైరాయిడ్, చేతుల వణుకు ఉన్న కొందరికి కూడా వీటిని రాస్తుంటాం. కాబట్టి ‘నాకు గుండె జబ్బు లేదుగా’ అనుకోవద్దు. మీ మాత్రల అట్ట మీద పేరు చూడండి. చివర ‘-లాల్’ అని ఉంటే తప్పక డాక్టర్‌ను అడగండి. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికీ మీటరు అంకె సరిగా ఉండకపోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. మీటరులో జోన్ అందడం లేదని కొందరు ఆ మాత్ర మానేసి తొక్కుతున్నారు. ఈ పని ఎప్పుడూ చేయొద్దు. బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి, బీపీ ఒక్కసారిగా పెరగడం వంటి ప్రమాదాలు ఉంటాయి.

మరి వీరు ఎలా తెలుసుకోవాలి? మాటల పరీక్ష ఉంది. తొక్కుతూ పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం. పైసా ఖర్చు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఇంకా కచ్చితంగా కావాలంటే, రోజూ వేసుకునే మందులు వేసుకునే టీఎంటీ పరీక్ష చేయించుకుని, మీ గుండె వేగం ఎంతవరకు వెళ్లొచ్చో డాక్టర్‌తో రాయించుకోండి. ఆ అంకెను కంప్యూటర్‌లో చేత్తో వేసుకునే వీలుండాలి. కొనేముందు ఈ సదుపాయం ఉందో లేదో అడగండి.

మోకాళ్లకు మేలు చేసే అంకె

పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది కేడెన్స్. కొత్తవారు పెద్ద గేరు వేసి, నిమిషానికి 50 చుట్ల చొప్పున బలంగా తొక్కుతుంటారు. ప్రతి తొక్కుడుకూ మోకాలి చిప్ప మీద భారం ఎక్కువ పడుతుంది. గేరు తగ్గించి 70 నుంచి 85 చుట్ల మధ్య తేలిగ్గా తిప్పితే మోకాళ్లకు హాయి. నలభై దాటి మోకాలి నొప్పి మొదలైనవారికి వేగం చూపే అంకెకన్నా ఈ అంకె ఎక్కువ పనికొస్తుంది. పెడల్ కడ్డీకి తగిలించే సెన్సర్ విడిగా దొరుకుతుంది. అది మీ కంప్యూటర్‌తో కలుస్తుందో లేదో చూసుకోండి. బ్లూటూత్, యాంట్ ప్లస్ రెండూ ఉన్నవైతే ఏ చిక్కూ ఉండదు. సీటు ఎత్తు సరిగా లేకపోతే మాత్రం ఏ సెన్సరూ మోకాలిని కాపాడలేదు.

కేలరీలను నమ్మి దోసె తినొద్దు

గుండె వేగం గానీ పవర్ గానీ అందని మీటరు చూపించే కేలరీలు ఉజ్జాయింపు మాత్రమే. ఎదురుగాలిలో 15 కిలోమీటర్ల వేగంతో తొక్కడం, వాలులో అదే వేగంతో జారడం రెండూ దానికి ఒకటే. 70 కిలోల మనిషి ముప్పావుగంట ఓ మోస్తరుగా తొక్కితే ఖర్చయ్యేది సుమారు 300 నుంచి 350 కేలరీలు. ఆదివారం అందరూ కలిసి వెళ్లి, తిరుగు దారిలో మసాలా దోసె, ఒక వడ, కాఫీ లాగిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

షుగర్ ఉన్నవారికి

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి సైకిల్ తొక్కుతుండగా, తొక్కిన కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ పడిపోవచ్చు. బయల్దేరేముందు వేలి పరీక్ష చేసుకోండి. 90 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు మూడు బిస్కెట్లో తిని కాసేపు ఆగి వెళ్లండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాల్సిందే. బీటా బ్లాకర్ కూడా వేసుకునేవారికి షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అందుకే అలాంటివారు కంప్యూటర్‌లో ప్రతి 20 నిమిషాలకోసారి మోగే అలారం పెట్టుకుని, ఆగి, తమను తాము చూసుకోవడం మంచిది.

కొనేముందు చేతిలోకి తీసుకుని..

తెరను దుకాణం బయట ఎండలో చూడండి. లోపల మెరిసిపోయే రంగుల తెరలు కొన్ని ఎండలో కనిపించవు. చత్వారం ఉన్నవారు కళ్లద్దాలు తీసి, హ్యాండిల్ ఉండేంత దూరంలో పెట్టి చదవండి. ఒక పేజీలో మూడు నాలుగు అంకెలే పెద్దగా కనిపించేలా మార్చుకునే వీలుండాలి. వానలో తడిసినా చెడిపోకుండా ఐపీఎక్స్7 రక్షణ ఉందో లేదో చూడండి. చెమట చేతులతో టచ్ తెర మొరాయిస్తుంది, బటన్లు ఉన్నవి నయం. రిపేరు, గ్యారంటీ దగ్గర్లో ఎక్కడ చూస్తారో బిల్లు కట్టేముందే అడగండి.

‘ఫోన్ ఉందిగా?’ అంటారు. మొదటి రెండు మూడు నెలలకు ఫోన్‌లో యాప్ పెట్టుకుని జేబులో వేసుకోండి. తప్పులేదు. సరదా తీరిపోతుందో, అలవాటవుతుందో తెలుస్తుంది. అలవాటయ్యాకే డబ్బు పెట్టండి. హ్యాండిల్‌కు ఫోన్ బిగిస్తే మాత్రం మన ఎండలకు వేడెక్కి ఆగిపోతుంది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ కళ్లు అటే పోతాయి.

కళ్లు రోడ్డు మీద, మీటరు మీద కాదు

గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 7 మీటర్లు వెళ్తాం. రెండు సెకన్లు మీటరు చూశామంటే 14 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. ఆ దూరంలో ఒక గుంత, ఒక కుక్క, తలుపు తెరుచుకునే ఒక ఆటో.. ఏదైనా ఉండొచ్చు.

సగటు వేగం అంకెతో ఇంకో చిక్కుంది. సిగ్నల్ దగ్గర ఆగితే అది తగ్గుతుందని, ఎర్ర లైటు పడ్డా దూరిపోయేవారిని చూస్తున్నాను. ఆగినప్పుడు లెక్క ఆపేసే ఆటో పాజ్ సదుపాయం దాదాపు అన్నింటిలో ఉంటుంది, పెట్టుకోండి. ఇంకా మంచిది.. సగటు వేగాన్ని తెర మీద నుంచే తీసేయడం. వేగం సాధన చేయాలనుకుంటే వాహనాలు లేనిచోట చేయండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ లాంటివి అందుకే ఉన్నాయి.

వెళ్లిన దారిని యాప్‌లో అందరికీ కనిపించేలా పెట్టేవారు ఒక విషయం గుర్తుంచుకోండి. రోజూ ఏ గడప నుంచి ఎన్నింటికి బయల్దేరతారో అందులో తెలిసిపోతుంది. స్ట్రావా యాప్ విడుదల చేసిన పటంలో సైనిక స్థావరాల ఆనవాళ్లే కనిపిస్తున్నాయని 2018లో పెద్ద దుమారం రేగింది. ఇంటి చుట్టుపక్కల భాగాన్ని దాచే ఏర్పాటు యాప్‌లలో ఉంటుంది. ఆడపిల్లలు, ఒంటరిగా వెళ్లేవారు తప్పక వాడుకోండి. ఇంట్లోవారికి మాత్రం మీరెక్కడున్నారో కనిపించే లైవ్ ట్రాకింగ్ పెట్టి వెళ్లండి.

వెంటనే ఆగాల్సిన సమయాలు

మీటరు ఏ అంకె చూపిస్తున్నా సరే, ఇవి కనిపిస్తే సైకిల్ దిగండి.

- ఛాతీలో బరువు, బిగుతు, మంట. దవడ, భుజం, ఎడమ చేతికి లాగడం
- రోజూ ఎక్కే ఎత్తుకే కొత్తగా ఆయాసం రావడం
- కళ్లు తిరగడం, చూపు మసకబారడం, చల్లటి చెమటలు
- గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించడం
- ఆగి పది నిమిషాలైనా గుండెదడ తగ్గకపోవడం

ఛాతీ నొప్పి నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వెళ్లే ప్రయత్నం చేయొద్దు. తగ్గిపోయినా అదే రోజు డాక్టర్‌ను కలవండి. జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన కొద్ది రోజుల వరకు సైకిల్ ముట్టుకోవద్దు.

మీటరు చెప్పే అసలు మాట

స్టెంటు వేశాక ఆ బ్యాంకు ఉద్యోగి తన కంప్యూటర్‌లోని పాత లెక్కలు నాకు చూపించారు. రోజూ ఒకటే దారి, 12 కిలోమీటర్లు. మొదట్లో 38 నిమిషాలు పట్టేది. చివరి మూడు వారాల్లో 40, 42, 45 అయింది. గుండె వేగం అదే, కష్టం ఎక్కువ, పట్టే సమయమూ ఎక్కువ. యాప్ చూపించిన రంగుల జోన్లు వదిలేసి ఈ వరుసను చూసి ఉంటే విషయం ముందే తెలిసేది.

అందుకే చెబుతున్నాను. మీటరు కొంటే దాన్ని పక్కవారితో పోల్చుకోవడానికి వాడొద్దు. నెలకోసారి, అదే దారిలో, అదే శ్రమతో తొక్కి మీతో మీరే పోల్చుకోండి. అదే శ్రమకు సమయం తగ్గుతుంటే ఒళ్లు బాగుపడుతున్నట్టు. కారణం లేకుండా పెరుగుతూ పోతుంటే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈ పనికి వెయ్యి రూపాయల మీటరైనా చాలు.

నలభై దాటినవారు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉన్నవాళ్లు సైకిల్ సాధన మొదలుపెట్టే ముందే ఒకసారి పరీక్ష చేయించుకోండి. ‘మీటరు కొనమంటారా?’ అని ఇప్పుడెవరైనా అడిగితే నేను ముందు వారి మందుల సంచి తీయమంటున్నాను. మీరు కూడా మందులు, మీటరు రెండూ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ‘నా గుండె ఎంత వేగం దాకా వెళ్లొచ్చు?’ అని అడగండి. బయట వరుస ఎంత పొడవున్నా సరే, జవాబు చెప్పించుకున్నాకే లేవండి.